ఆయాసమంతా ఊపిరితిత్తులది కాదు

ఆరోగ్యం

తెలుగులో ఆయాసం ఒక్కటే మాట. బీడీలతో ఊపిరితిత్తులు పాడైనవారిదీ ఆయాసమే, గుండె బలహీనపడినవారిదీ ఆయాసమే. షుగర్ ఉన్నవారి విషయంలో ఈ రెండింటినీ విడదీసి చూడకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

సూరత్ లాంటి చోట పొరబడడం మరీ తేలిక. ముంబై-అహ్మదాబాద్ రహదారి మీద సూరత్‌కు దారి చీలే కామ్‌రేజ్ కూడలిలో వాహనాల పొగ. నగరంలో మరమగ్గాల షెడ్ల దుమ్ము. తెలంగాణ నుంచి దశాబ్దాల కిందటే వలస వచ్చి సాంచాల మీద బతుకుతున్న పద్మశాలి కుటుంబాలు ఇక్కడ పెద్దసంఖ్యలో ఉన్నాయి. ఇలాంటి చోట ఎవరైనా రొప్పుతుంటే నేరం దుమ్ము మీదికే వెళ్తుంది. గుండె సంగతి ఎవరికీ తట్టదు.

భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో వేసిన లెక్క ప్రకారం దేశంలో మధుమేహులు 10.1 కోట్లు. దీర్ఘకాలిక శ్వాస అవరోధ వ్యాధి (సీఓపీడీ) ఉన్నవారు 2016 అంచనాల ప్రకారమే సుమారు 5.5 కోట్లు. ఈ రెండూ ఒకే ఒంట్లో చేరితే భారం పడేది గుండె మీద.

ఏళ్ల తరబడి అదుపు తప్పిన షుగర్ సన్నని రక్తనాళాలను దెబ్బతీస్తుంది. ఊపిరితిత్తుల నిండా ఉండేవి అవే. మధుమేహుల్లో షుగర్ ఎక్కువయ్యేకొద్దీ ఊపిరితిత్తుల సామర్థ్యం తగ్గుతోందని ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ పరిశోధకులు 2004లో చెప్పారు. ఇటు సీఓపీడీ వల్ల కలిగే వాపు ఊపిరితిత్తులతో ఆగదు. దాని ప్రభావం రక్తం ద్వారా గుండె ధమనులకూ పాకుతుంది. ఆక్సిజన్ తగ్గితే ఊపిరితిత్తుల్లోని ధమనులు బిగుసుకుంటాయి, గుండె కుడిభాగం అదనంగా శ్రమించాలి. ఆయాసం తగ్గడానికి వాడే స్టెరాయిడ్ మాత్రలు షుగర్‌ను పెంచుతాయి. ఒకదానికి మందు మరొకదానికి ముప్పు!

అసలు ప్రమాదం మరొకటుంది. మధుమేహం నరాలను మొద్దుబారుస్తుంది కనుక గుండెపోటు వచ్చినా కొందరికి ఛాతీనొప్పి తెలియదు. ఆయాసం, చెమట, నీరసం, అంతే. దాన్ని దుమ్ము దగ్గుగా భావించి ఇన్‌హేలర్ పీల్చి పడుకుంటే విలువైన గంటలు దాటిపోతాయి.

అందుకే షుగర్ ఉన్నవారికి కొత్తగా ఆయాసం మొదలైనా, పాతదే ఎక్కువైనా రెండువైపులా చూడాలి. ఊపిరితిత్తులకు స్పైరోమెట్రీ, అంటే గట్టిగా ఊది చూసే పరీక్ష. గుండెకు ఈసీజీ, అవసరమైతే ఎకో. పడుకుంటే ఆయాసం పెరగడం, కాళ్ల వాపు గుండె బలహీనతకు సూచన కావచ్చు. హఠాత్తుగా ఆయాసంతో చెమటలు పడితే పరీక్షల కోసం ఆగకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. షుగర్‌కు ఒక డాక్టర్, దగ్గుకు మరో డాక్టర్ ఉంటే ఇద్దరి చీటీలూ ఇద్దరికీ చూపించాలి. బీడీ మానడం మూడింటికీ మందే. పైగా పైసా ఖర్చు లేనిది.