మట్టిల్లు సరే, మట్టి ఎవరిది?

అప్పు చేయకుండా, మన చేతులతో మట్టి ఇల్లు కట్టుకుని, చుట్టూ కూరగాయలు పెంచుకుందామనే మాట ఈమధ్య యూట్యూబ్‌లో బాగా నడుస్తోంది. సూరత్ ఖటోదరాలో సాంచాల మీద 12 గంటలు నిలబడే తెలంగాణ కార్మికుడికీ ఆ ఆశ ఉంటుంది. అప్పంటే ఏమిటో అతనికంటే ఎవరికి బాగా తెలుసు?

కానీ ఎక్కడ కట్టాలి? గుజరాత్‌లో అమల్లో ఉన్న 1948 నాటి బొంబాయి కౌలుదారీ చట్టం 63వ సెక్షన్ ప్రకారం, వ్యవసాయదారుడు కానివాడు కలెక్టర్ అనుమతి లేకుండా సాగుభూమి కొనలేడు. తాతల కాలం నుంచి పరాయి పొలంలో కూలి చేసినవాడు ఏ కాగితం చూపి వ్యవసాయదారుడవుతాడు? సొంతూరికి పోదామంటే, 2014 ఆగస్టు 15న తెలంగాణలో మొదలైన 3 ఎకరాల పథకం దళితుల్లో కొద్దిమందికే అందింది. సూరత్‌లో ఎక్కువగా ఉన్న పద్మశాలీలకు అది వర్తించనే లేదు.

పని సంగతీ చూడాలి. మట్టి గోడ ఒక వరస ఆరితేనే రెండోది పెట్టాలి, వానలకు ముందే కప్పు పడాలి. అందుకు ఎండాకాలమంతా సాంచా వదిలేస్తే, ఆ నెలల తిండే అప్పవుతుంది.

ప్రభుత్వ లెక్కల్లో పేదోడి మట్టి గోడ ‘కచ్చా’. నగరం నుంచి వచ్చినవాడు కడితే ‘సహజ గృహం’. మట్టిపని తెలిసిన వడ్డెరలు, మాదిగలు సిమెంటు ఇల్లు కోరుకుంటే తప్పేముంది?

ఖటోదరా అన్నలకు నేను చెప్పేదొకటే: ముందు పట్టా, అదీ వదినల పేరు మీద. తర్వాత రాతి పునాది, ఒక్క గది. రెండో గది సంగతి మరుసటి ఏడాది చూసుకోవచ్చు.