పూలు చల్లిన చేతులకు ఒక ప్రశ్న

2019 డిసెంబరు 6 ఉదయం చటాన్‌పల్లి వంతెన దగ్గర జనం పోలీసుల మీద పూలు చల్లారు. మిఠాయిలు పంచుకున్నారు. రోజంతా టీవీల్లో అదే దృశ్యం. 'న్యాయం జరిగింది' అన్నారు. ఎవరికి జరిగింది, ఎలా జరిగింది అని అడిగిన ఆడవాళ్ళని 'మీ ఇంట్లో జరిగితే తెలిసొస్తుంది' అని తిట్టారు. ఆ మాట నాకూ తగిలింది. అన్నది ఎవరో ముక్కూ మొహం తెలియని మగవాళ్ళయితే పట్టించుకునేదాన్ని కాదు. పక్క గదిలో పాఠాలు చెప్పే నా స్నేహితురాలు అంది. నా విద్యార్థినులు అన్నారు. ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు చెప్పాలనుకుంటున్నాను.

నవంబరు 27 రాత్రి ఆ అమ్మాయి తల్లిదండ్రులకు కావలసింది చాలా మామూలు విషయం. పోలీసులు ఫిర్యాదు తీసుకుని వెంటనే వెతకడం మొదలుపెట్టడం. ఇది మా పరిధిలోకి రాదంటూ తమను తిప్పారని ఆ కుటుంబం చెప్పింది. ఆలస్యం చేశారని ముగ్గురు పోలీసుల్ని సస్పెండ్ కూడా చేశారు. వారం తిరిగేసరికి అదే శాఖ మీద పూలవాన కురిసింది! ఆ రాత్రి వెంటనే కదిలి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్నని ఆ తర్వాత ఎవరూ గట్టిగా అడగలేదు. తూటాలు నలుగురు నిందితులతో పాటు ఆ ప్రశ్ననీ చంపేశాయి. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో తన నివేదికలో, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని తేల్చింది. ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని చెప్పింది. పదిమంది పోలీసులపై విచారణ జరగాలంది. ఆ నివేదిక వచ్చిన రోజు పూలు చల్లినవాళ్ళెవరూ రోడ్డు మీదకి రాలేదు.

అది మొదటిసారి కూడా కాదు. 2008 డిసెంబరు 10న వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. మూడు రోజుల్లో ముగ్గురు నిందితులూ 'ఎన్‌కౌంటర్' అయిపోయారు. అప్పుడూ దండలే, అప్పుడూ జేజేలే. ఆ నెల 31న ఇద్దరిలో ఒకమ్మాయి ఆసుపత్రిలో చనిపోయింది. ముద్దాయిలు చచ్చిపోయినంత మాత్రాన కాలిన చర్మం మళ్ళీ మొలవదు కదా! ఆ రోజుల్లో బాధితులకు చట్టంలో దిక్కల్లా శిక్ష పడ్డ ముద్దాయి నుంచి కోర్టు ఇప్పించే పరిహారం. ముద్దాయే లేకపోతే కేసూ లేదు, తీర్పూ లేదు. ఆ అమ్మాయి కోర్టులో నిలబడి 'నాకు జరిగింది ఇదీ' అని చెప్పుకునే అవకాశం కూడా లేకుండా పోయింది. ఎన్‌కౌంటర్ బాధితురాలి నోటి నుంచి సాక్ష్యాన్ని లాగేసుకుంటుంది. ఆమె కథని పోలీసుల ప్రెస్‌మీట్‌గా మార్చేస్తుంది.

కోర్టుల్లో ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది, అందుకే జనం విసిగిపోయారంటారు. నిజమే. కానీ అదే 2019 నవంబరులో, అదే తెలంగాణలో, ఆసిఫాబాద్ జిల్లాలో ఊరూరూ తిరిగి సామాన్లు అమ్ముకునే ఒక దళిత స్త్రీని అత్యాచారం చేసి చంపారు. ఆమె కోసం హైదరాబాద్‌లో కొవ్వొత్తులు వెలగలేదు. దళిత సంఘాలు పోరాడితే ప్రత్యేక కోర్టు వచ్చింది. 2020 జనవరి 30న తీర్పు వచ్చింది. మరణశిక్షని నేను ఒప్పుకోను, అది వేరే చర్చ. విచారణంటే తప్పనిసరిగా ఇరవై ఏళ్ళు పట్టాలన్న రూలేమీ లేదన్నదే ఇక్కడ నా మాట. తలుచుకుంటే రెండు నెలల్లో అయింది. ఎవరి కోసం తలుచుకుంటారు, ఎవరి మీద కేసయితే తలుచుకోరన్నదే అసలు ప్రశ్న.

దానికి జవాబు వాకపల్లిలో ఉంది. 2007 ఆగస్టు 20న విశాఖ మన్యంలోని ఆ ఊళ్ళో గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని పదకొండు మంది కోందు ఆదివాసీ స్త్రీలు ఫిర్యాదు చేశారు. కేసు విచారణకు రావడానికే 2017లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం ప్రత్యేక కోర్టు పదమూడు మంది పోలీసుల్నీ నిర్దోషులని వదిలేసింది. దర్యాప్తు సరిగా చెయ్యలేదని తప్పుపట్టి, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమంది. పదహారేళ్ళు! అప్పటికి ఆ పదకొండు మందిలో ఇద్దరు లేరు. తుపాకీయే న్యాయమని నమ్మేవాళ్ళని అడుగుతున్నాను, తుపాకీ పట్టుకున్నవాడి మీదే ఫిర్యాదున్నప్పుడు మీ న్యాయం ఎటు తిరుగుతుంది?

మూడేళ్ళ క్రితం ఒక జిల్లా కోర్టుకి ఒకామెకి తోడుగా వెళ్ళాను. చేలో కూలికి పోయే మనిషి. తన కూతురి కేసు. వరండాలో ఉన్న ఒకే ఒక్క బెంచీ మీద ముద్దాయి, అతని బంధువులు కూర్చున్నారు. ఆమె మెట్ల మీద కూర్చుంది. మధ్యాహ్నం దాకా అలా కూర్చున్నాక వాయిదా పడిందన్నారు. ఎందుకు పడిందో ఎవరూ చెప్పలేదు. సర్కారు వకీలు ఆమె మొహమైనా చూడలేదు. బస్సెక్కేటప్పుడు ఆమె అడిగింది: "అక్కా, కేసు పెట్టింది నేనైతే, నాకేం చెప్పరేంది? నా పొల్ల సంగతి అందరికి ఎర్కనే, నాకు దప్ప." పరిహారానికి దరఖాస్తు చేసుకోవచ్చని ఆమెకి పోలీసులు చెప్పలేదు, వకీలు చెప్పలేదు, ఆసుపత్రిలో చెప్పలేదు. నాకూ ఆ రోజు దాకా పూర్తిగా తెలియదు. ఇరవై ఏళ్ళుగా హింస మీద వ్యాసాలు రాస్తున్న నాకు!

చట్టంలో ఏమీ లేదా అంటే చాలా ఉంది. 2008 సవరణ తర్వాత బాధితులు సొంత వకీలుని పెట్టుకుని ప్రాసిక్యూషన్‌కి సాయం చెయ్యొచ్చు. ముద్దాయిని వదిలేస్తే అప్పీలు చేసుకోవచ్చు. ముద్దాయి దొరక్కపోయినా, కేసు కొట్టేసినా పరిహారం పొందే దారి ఉంది. 2018 నుంచి వచ్చిన జాతీయ పథకం ప్రకారం అత్యాచార బాధితురాలికి 4 నుంచి 7 లక్షలు, యాసిడ్‌తో మొహం పాడైతే 7 నుంచి 8 లక్షలు. తీర్పు దాకా ఆగనక్కర్లేదు, ముందుగానే కొంత ఇవ్వొచ్చు. ప్రైవేటు ఆసుపత్రయినా సరే వెంటనే ఉచితంగా వైద్యం చెయ్యాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా బాధితురాలికి చెప్పాలి. అన్నీ కాగితం మీద ఉన్నాయి. కోర్టు మెట్ల మీద కూర్చున్న మనిషి దగ్గరికి ఆ కాగితం వెళ్ళడం లేదు. కానీ మన ప్రభుత్వాలకి ఎంతసేపూ కొత్త పేర్ల మీదే మోజు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2019 డిసెంబరులో 21 రోజుల్లో తీర్పంటూ 'దిశ' బిల్లు ఆమోదించింది. రాష్ట్రపతి ఆమోదం లేక అది అమల్లోకే రాలేదు. చనిపోయిన ఆడపిల్లకి అందమైన పేరు పెడతాం. బతికున్న ఆడపిల్లకి బస్సు ఛార్జీ ఇవ్వం.

మరి మనం? 2019లో మనమూ కవితలు రాశాం. సంకలనాలు వేశాం. 'బాధితురాలు' అనాలా, ఇంకేదైనా మాట వెతకాలా అని సెమినార్లు పెట్టుకున్నాం. ఆ చర్చ అక్కర్లేదనను. మాటలతోనే బతికేవాళ్ళం కదా! కానీ మన రచనల్లో నేరం జరిగిన రాత్రి ఉంటుంది, తీర్పు రోజు ఉంటుంది. మధ్యలో ఉండే యాభై వాయిదాలు ఉండవు. పోయిన కూలి, ఖాళీ చెయ్యమన్న అద్దె ఇల్లు, చదువు మానేసిన చెల్లెలు, రాజీకొచ్చిన పెద్దమనుషులు ఉండరు. కేసులు ఓడిపోయేది అక్కడే. ఆకలికీ ఒంటరితనానికీ తట్టుకోలేక మాట మార్చుకున్న సాక్షిని పట్టుకుని 'అబద్ధపు కేసు' అంటుంది లోకం.

కాబట్టి పూలు చల్లిన చేతుల్ని అడిగే ముందు నన్ను నేనే అడుగుతున్నాను, మిమ్మల్నీ అడుగుతున్నాను. మనం పని చేసే ప్రతి కాలేజీ ఉన్న ఊళ్ళో ఒక కోర్టుంది. ఆ కోర్టులో న్యాయసేవాధికార సంస్థ ఆఫీసుంది. పరిహారం దరఖాస్తు నింపడానికి పెద్ద సిద్ధాంతమేమీ అక్కర్లేదు, ఒక పూట చాలు. బెంచీ మీద ఆమె పక్కన కూర్చోడానికి ఇంకో పూట. ఆ తల్లికి వచ్చే వాయిదా మళ్ళీ సోమవారమే పడింది. నేను వెళ్తున్నాను. మీ ఊళ్ళో ఎవరికి ఎప్పుడు వాయిదా ఉందో మీకు తెలుసా?