ఫ్యాను రెక్క మీద పేరు

మా చర్చిలో పద్నాలుగు ఫ్యాన్లున్నాయి. తిరుగుతున్నంతసేపూ అన్నీ ఒకటే. కరెంటు పోయి మెల్లగా ఆగుతున్నప్పుడు మాత్రం ఒక్కో రెక్క మీద ఎర్ర పెయింటు అక్షరాలు బయటపడతాయి. ఫలానా వారి జ్ఞాపకార్థం, కుమారులు ఫలానా, ఫలానా. ఏప్రిల్ ఎండల్లో, ప్రసంగం మధ్యలో, చెమటలు కారుతుండగా సంఘమంతా తలలెత్తి దాతల పేర్లు చదువుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటైన దృశ్యం. ఎడమ వరసలో మూడోది మా నాన్న పేరు. డబ్బు కట్టింది నేను. నా పేరు కూడా ఉంది, కాస్త చిన్న అక్షరాల్లో. ఈ వారం రాయబోయే సంగతికి ముందు ఆ మాట చెప్పేయడం మర్యాద.

ఆ చర్చి గేటుకే ఇప్పుడు పదిహేను అడుగుల ఫ్లెక్సీ వేలాడుతోంది. మూడు రాత్రుల ఉజ్జీవ సభలు. నిలువెత్తు అయ్యగారు, సూటు, ఒక చేతిలో మైకు, రెండో చేతి చూపుడువేలు ఆకాశంలోకి. పక్కన అమ్మగారు. పేరుకు ముందు దైవజనులు, అభిషిక్తులు, డాక్టర్. కింద గుండ్రటి చట్రాల్లో సంఘ పెద్దలు, యూత్ నాయకులు. ప్రభువు కూడా ఉన్నాడు. పై మూలన, గొర్రెపిల్లను ఎత్తుకుని, పోస్టు బిళ్లంత. అయ్యగారి పుట్టినరోజు వస్తే కేకు, గజమాల, శాలువల వరస. పాలాభిషేకం ఒక్కటే తక్కువ. రాతికీ చెక్కకీ మొక్కడం ఎంత పాపమో ఆ వేదిక మీది నుంచే మూడు రాత్రులూ గొంతు చించుకుని చెబుతారు.

నవ్వడం తేలిక. దొంగ పాస్టర్లని నాలుగు తిట్టి ఊరుకోవడం ఇంకా తేలిక. దొంగలు లేరని కాదు. కానీ నేను చూసినంతలో ఈ వ్యవహారం కృతజ్ఞతతో మొదలవుతుంది. బిడ్డకు జ్వరం తగ్గక ఆసుపత్రి వరండాలో పడిగాపులు కాస్తున్న రాత్రి, బస్సులు లేకపోయినా వచ్చి పక్కన మోకరించినవాడు అయ్యగారొక్కడే. మొగుడి చేత తాగుడు మాన్పించిందీ ఆయనే. బిడ్డ బతికాక, మొగుడు మనిషయ్యాక, ఆ తల్లి గుండెలో పొంగేదాన్ని ఎక్కడ పొయ్యాలి? దేవుడు కనబడడు. అయ్యగారు కనబడతాడు. మొదట నాటుకోడి, తరవాత కొత్త బట్టలు, కొన్నాళ్లకు ఫ్లెక్సీ.

గిద్యోను కథ మనలో చాలామందికి మూడువందల మంది, కుండలు, దివిటీల దాకానే తెలుసు. సండే స్కూలు పాఠం అక్కడే ఆగిపోతుంది. న్యాయాధిపతుల గ్రంథంలో ఆ తరవాత ఉన్నదే అసలు కథ. గెలిచిన జనం వచ్చి నువ్వే మమ్మల్ని ఏలాలి, నీ తరవాత నీ కొడుకు, ఆ తరవాత మనవడు అన్నారు. గిద్యోను ఒప్పుకోలేదు. మిమ్మల్ని ఏలేది దేవుడేనన్నాడు. ఎంత మంచి జవాబు! ఆ నోటితోనే, దోపుడు సొమ్ములోంచి తలా ఒక పోగు ఇప్పించండి చాలన్నాడు. బట్ట పరిచారు. పోగులు విసిరారు. తూస్తే 1,700 తులాలు, అంటే 20 కిలోలకు కాస్త తక్కువ. దానితో ఏఫోదు చేయించి సొంత ఊరు ఒఫ్రాలో పెట్టుకున్నాడు. ఏఫోదంటే యాజకుడు వేసుకునే వస్త్రం. బయలు బొమ్మ కాదు, అషేరా స్తంభం కాదు, గుడారంలో సేవకు పనికొచ్చే వస్తువే. దేశమంతా దాని వెంటపడింది. సింహాసనం వద్దన్న ఆ మనిషి ఒక కొడుక్కి పెట్టిన పేరు అబీమెలెకు. నా తండ్రి రాజు అని అర్థం. ఆ కొడుకే తరవాత డెబ్భైమంది అన్నదమ్ముల పని ఒకే రాతి మీద పట్టాడు.

ఆ పోగులు ఎవరూ చెవులు మెలేసి లాక్కున్నవి కావు. సంతోషంగా విసిరినవి. ఎందుకంత సంతోషం? ఇక్కడ వేదిక దిగి బెంచీల వైపు రావాలి.

డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక వాగ్దాన కార్డుల డబ్బా తిప్పుతారు. కళ్లు మూసుకుని ఒకటి తీస్తాం. అది దేవుడు ఆ ఏడాదికి నాకంటూ ఇచ్చిన మాట. ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. నలభై ఏళ్లుగా తీస్తున్నాను. నాకు హెచ్చింపు వచ్చింది, సమృద్ధి వచ్చింది, శత్రువుల మీద జయం రెండుసార్లు వచ్చింది (నాకు శత్రువులు ఎవరో ఆ రెండేళ్లూ వెతుక్కోవాల్సి వచ్చింది). సిలువ మోయమన్న మాట ఒక్కసారీ రాలేదు. యోబు బూడిదలో కూర్చున్న అధ్యాయం రాలేదు. అచ్చువేసేవాడు ముందే ఏరిపారేస్తాడు. అందరికీ ఇష్టమైన కార్డు యిర్మీయా ఇరవై తొమ్మిది, పదకొండు. దేవుడు మనకు మేలే తలపెట్టాడన్న వాగ్దానం. దానికి పైన పదో వచనంలో డెబ్భై ఏళ్ల గడువు ఉందని కార్డులో ఉండదు. ఆ ఉత్తరం అందుకున్నవాళ్లు బబులోనులో బందీలు. అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ ఊరి క్షేమం కోసమే ప్రార్థించండని దాంట్లో ఉంది. విన్నవాళ్లలో పెద్దవాళ్లు ఇల్లు చూడకుండానే పోవాలి. అంత పొడుగు ఉత్తరాన్ని జేబులో పట్టేంత కత్తిరించి, చివర నా పేరు రాసుకున్నాం. దేవుడికి నన్ను పైకి తేవడం తప్ప మరో పని లేదు. అలాంటి దేవుడికి సాక్ష్యం కావాలంటే నాకన్నా ముందే పైకి వచ్చినవాడు ఒకడు కళ్లెదుట ఉండాలి. అయ్యగారి కారు పాతదైతే నా కార్డు చెల్లదేమోనని భయం. అందుకే చందాలు వేసి మరీ కొత్త కారు కొనిస్తాం.

అయ్యగారి పూజ, నా పేరు పూజ, ఈ రెండూ ఒకే కప్పు కింద కలిసిన చోటు కాలిఫోర్నియాలో ఉంది. రాబర్ట్ షుల్లర్ అయోవా రైతుబిడ్డ. 1955లో చేతిలో 500 డాలర్లతో ఆరెంజ్ కౌంటీకి వచ్చి, జనం కార్లలో కూర్చుని సినిమా చూసే డ్రైవ్-ఇన్ థియేటర్‌ను ఆదివారం పొద్దుటి పూటకు మాట్లాడుకున్నాడు. తినుబండారాల కొట్టు పైకప్పు ఎక్కి ప్రసంగం, భార్య ఆర్గన్. చర్చి మెట్లెక్కడానికి మొహమాటపడేవాళ్లూ, ఎక్కలేనివాళ్లూ కార్లలోంచే విన్నారు. అందులో తప్పు పట్టడానికి నాకేమీ కనబడదు. గిద్యోను కూడా ద్రాక్షగానుగ చాటున గోధుమలు దుళ్లగొట్టుకుంటూ మొదలైనవాడే. 1970లో టీవీ కార్యక్రమం మొదలైంది. 1980లో గార్డెన్ గ్రోవ్‌లో క్రిస్టల్ కెథడ్రల్ లేచింది. పేరుమోసిన వాస్తుశిల్పి ఫిలిప్ జాన్సన్ రూపకల్పన, పదివేలకు పైగా అద్దాలు. ఒక్కో అద్దానికి 500 డాలర్ల చొప్పున దాతలు ముందుకొచ్చారు. మా ఫ్యాను రెక్కలు ఏపాటి!

రెండేళ్లకు షుల్లర్ ఒక పుస్తకం రాశాడు. ఆత్మగౌరవమే కొత్త సంస్కరణ అన్నది దాని పేరూ, వాదనా. లూథర్ నాటి సంస్కరణ దేవుణ్ని మధ్యలో పెట్టింది, ఇప్పుడు మనిషి తన విలువ తాను గుర్తించడం మధ్యకు రావాలన్నాడు. పాపాన్ని ఆత్మగౌరవం లేకపోవడంగా చెప్పాడు. ప్రభువు నేర్పిన ప్రార్థనను కూడా ఆ కళ్లతోనే వ్యాఖ్యానించాడు. అద్దాల మేడలో కూర్చుని రాసిన పుస్తకంలా నాకు తోచింది. ఎటు చూసినా మన ముఖమే.

2006లో కొడుకును పీఠం మీద కూర్చోబెట్టాడు. 2008లో ఆ కొడుకు టీవీ వేదికకు దూరమై, అదే ఏడాది పీఠమూ వదిలాడు. 2010 అక్టోబరులో సంస్థ దివాలా పిటిషన్ వేసింది. నాలుగు కోట్ల డాలర్లకు పైగా అప్పులు. బాకీ రావలసినవాళ్లలో క్రిస్మస్, ఈస్టర్ ప్రదర్శనలకు సరుకులిచ్చినవాళ్లూ ఉన్నారు. చివరికి ఆ భవనాన్ని 5 కోట్ల 75 లక్షల డాలర్లకు కొన్నది ఎవరు? బొమ్మలు పెట్టుకుంటారని మా ప్రొటెస్టెంట్ ఇళ్లలో తరతరాలుగా ఎత్తిపొడిచే కతోలికులు. క్రైస్ట్ కెథడ్రల్ అని పేరు మార్చి 2019లో ప్రతిష్ఠ చేశారు. లోపల వేడీ వెలుగూ తట్టుకోలేనంతగా ఉన్నాయని అద్దాలకు వేల తెల్లటి రేకులు అడ్డుపెట్టారు.

షుల్లర్‌ను తప్పుపడుతూ ఇంతదూరం వచ్చాక ఆ ఆత్మగౌరవమన్న మాట దగ్గర నా కలం తడబడుతుంది. కాలిఫోర్నియా శివారు కాలనీల్లో ఆ మాటకున్న బరువు వేరు, ప్రకాశం జిల్లా పల్లెలో వేరు. తాతను ఒరే అని తప్ప పిలవని ఊళ్లో, ఊరి బావిలో చేద వెయ్యనివ్వని ఊళ్లో, మనవడి ఫొటో సూటుతో, పేరు చివర గారుతో, నడివీధిలో పదిహేను అడుగులు నిలబడింది. దాన్ని విగ్రహమని తేలిగ్గా తిట్టే హక్కు అందరికీ లేదు. బస్టాండులో అంతకన్నా పెద్ద ఫ్లెక్సీల్లో ఉన్న ముఖాలను ఏమీ అనలేక దీని మీదే పడేవాళ్లను చూస్తూనే ఉన్నాను. నా పేచీ వాళ్ల పేచీ కాదు. ఆ పల్లె తలెత్తుకున్న రోజు మాకు గుర్తుంది, ఆ రోజు ఫ్లెక్సీ లేదు.

ధాత నామ సంవత్సరపు కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో వచ్చినవాళ్లకు పని పెట్టాడు. ఆ రోజుల్లో వేలమంది బాప్తిస్మం అడిగారు. ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారేమోనని నెలల తరబడి ఆపాడు. సంఘం లెక్క పెంచుకోవడానికి అంతకన్నా మంచి అదను ఏ దైవజనుడికీ దొరకదు. పని ముగిశాక కూడా వాళ్లు రావడం మానలేదు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. తెల్లవారింది మొదలు నీళ్లలో నిలబడ్డది ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు అలిసిపోతే ఇంకో ఇద్దరు దిగారు. దొర ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, ఒడ్డున ఉండి చూసుకున్నాడు. మునిగినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. (ఆయన పోయాక ఒంగోలులో ఆసుపత్రికి ఆయన పేరు పెట్టుకున్నాం. మేము ఊరుకుంటామా.)

మొన్న మిర్చి కల్లాల మీదుగా వస్తుంటే ఒకచోట ఎర్రటి కాయల కింద ఏదో నీలం కనబడి ఆగాను. నిరుడు సభల ఫ్లెక్సీ. కాయల మధ్యలోంచి అయ్యగారి చూపుడువేలు, సగం టై.

"ఏం పెద్దమ్మా, అయ్యగారి మీదే పోశావే?"

"గట్టి పట్టా నాయనా, మంచుకు తడవదు. మూలన ప్రభువు బొమ్మ ఉండె. దాని మీద పొయ్యబుద్ధి కాలా. కత్తిరించి తలుపుకి అంటించా."