చేలో దిగితేనే నష్టం తెలిసేది

పైనుంచి పచ్చగా కనిపించే వరిలోనూ దుబ్బు విడదీస్తే మొదట్లో సుడిదోమ ఉంటుంది. నిటారుగా నిలిచిన వెన్నును నలిపితే తాలు రాలుతుంది. ముంపులో పైరు కుళ్లితే ముక్కుకే ముందు తెలుస్తుంది. గింజ పంటికింద టక్కుమంటేనే ఆరినట్టు. మనం చేనును ఇలాగే తెలుసుకుంటాం.

ఫసల్ బీమాలో 2023 ఖరీఫ్ నుంచి వరి దిగుబడి లెక్కలో కనీసం 30 శాతం ఉపగ్రహ సాంకేతిక అంచనాకు ఇచ్చారు. సాంకేతికతకు మనం వ్యతిరేకం కాదు. అయితే ఉపగ్రహానికి తాలు నలిపే చెయ్యి లేదు.

అందుకే అడుగుతున్నాం: అధికారులు చేలో దిగాలి. పంట కోత ప్రయోగాలు రైతుల ఎదుటే జరగాలి. దిగుబడి లెక్కలు ఊళ్లో అంటించాలి. ఆ రోజు సంఘ సభ్యులందరం గట్టు మీద ఉందాం.