అమ్మాయిని ఎప్పుడు అడుగుతున్నాం?

పెళ్లి మాట వచ్చిన ప్రతి యువజన కూటంలోనూ ఒక పరిశోధన గురించి వింటుంటాం. ప్రేమించి చేసుకున్నవాళ్ల ప్రేమ కొన్నేళ్లకు తగ్గిపోతుందని, పెద్దలు కుదిర్చిన పెళ్లిలో మెల్లగా పెరుగుతుందని పరిశోధకులు తేల్చారట. ఆ మాటకు మూలం 1982లో ఉషా గుప్తా, పుష్పా సింగ్ జైపూర్‌లో చేసిన అధ్యయనం. వాళ్లు చూసింది 50 జంటలను. ఒకే నగరం, 50 జంటలు! దాన్ని చూపించి మన పిల్లల నోరు మూయించడం న్యాయం కాదని మేము అనుకుంటున్నాం.

చైనాలోని చెంగ్దూ నగరంలో 1987లో 586 మంది స్త్రీలను ఇవే సంగతులు అడిగారు. షు షియావోహె, మార్టిన్ వైట్ ఆ ఫలితాలను 1990లో ప్రచురించారు. పెళ్లయి ఎన్నేళ్లయినా సరే, తామే భర్తను ఎంచుకున్న స్త్రీలే ఎక్కువ తృప్తిగా ఉన్నారు. అంటే జైపూర్‌కు పూర్తిగా ఎదురు. అమెరికాలోని భారతీయుల మీద 2012లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలోనైతే రెండు రకాల పెళ్లిళ్ల మధ్య తేడాయే కనబడలేదు.

మనకు బాగా దగ్గరగా ఉన్నది నేపాల్‌లోని చిత్వాన్ లోయ. అక్కడ పెద్దలు కుదిర్చే పెళ్లి మామూలు విషయం. కీరా అలెండార్ఫ్, దీర్ఘ ఘిమిరే 2013లో రాసిన వ్యాసం ప్రకారం, జీవిత భాగస్వామిని ఎంచుకోవడంలో తమకూ పాత్ర ఉన్నవాళ్ల దాంపత్యమే మెరుగ్గా ఉంది. పురుషులు చెప్పిన తృప్తి స్త్రీలు చెప్పినదానికంటే ఎక్కువ. (కాగితం పట్టుకుని వచ్చిన కొత్త మనిషికి ఏ ఇల్లాలైనా ఎంత నిజం చెబుతుందో, అది వేరే సంగతి.)

కాబట్టి ప్రేమ పెళ్లా, పెద్దల పెళ్లా అనే వాదన పక్కన పెడదాం. అమ్మాయిని అడిగారా, ఎప్పుడు అడిగారు?

తెలుగు జిల్లాలకు దూరంగా, కర్ణాటకలోనో ఒడిశాలోనో స్థిరపడిన మన కుటుంబాల్లో ఈ ప్రశ్న ఇంకా బరువైనది. సంబంధం కోసం గుంటూరు దాకా వెతుకుతాం. ఫొటో ఫోన్లో వస్తుంది. "మనవాళ్లే" అంటారు. ఆ మాటకు అర్థం భాష అనుకుంటే పొరపాటు, విశ్వాసం అనుకుంటే ఇంకా పొరపాటు. క్రైస్తవ పెళ్లి ప్రకటనలు చూడండి, మతం పక్కనే కులం ఉంటుంది. అమ్మాయి ఇంకెవరినైనా ఇష్టపడితే మొదట అడ్డొచ్చేది అదే.

బలిపీఠం ముందు పాదిరిగారు అందరూ వింటుండగా ఇష్టమేనా అని అడుగుతారు. అప్పటికి హాలుకు డబ్బు కట్టేశారు, బంధువులు రైలు దిగారు. ఆ స్థితిలో కాదనగల ఆడపిల్ల ఎవరు? రిబ్కా ఇంటివాళ్లు కూడా ముందు తామే మాట ఇచ్చేశారు గానీ, ఆమె ప్రయాణమయ్యే ముందు పిలిచి అడిగారు.

సంఘాలను మేము అడిగేది చిన్నదే. గుడిలో మొదటి వివాహ ప్రకటన చదవకముందే, అంటే శుభలేఖలు అచ్చు కాకముందే, అమ్మాయితో ఒంటరిగా మాట్లాడాలి. తల్లిదండ్రులు పక్కన ఉండకూడదు. పాదిరిగారి ముందు భయపడి తలూపే పిల్లలున్నారు గనుక, ఆ పని స్త్రీల సమాజంలో నమ్మకస్తురాలైన ఒకరికి అప్పగించాలి. అమ్మాయి వద్దంటే ప్రకటన ఆగాలి. ఎందుకు ఆగిందో ఇంట్లోవాళ్లకు చెప్పే భారం సంఘం మోయాలి, ఆ పిల్ల మీద పెట్టకూడదు.