ప్రయాణ సామగ్రి



మా మదరసాలో చదివే ఒక అబ్బాయి మొన్న మార్చిలో చిలకలూరిపేట నుండి ఒంగోలులోని తన ఇంటికి సైకిలు మీద బయలుదేరాడు. దూరం సుమారు 70 కిలోమీటర్లు. ఫజర్ నమాజు తరువాత అనుమతి కోసం వస్తే, అల్లాహ్ మీద భారం వేసి వెళ్ళు నాయనా అని పంపించాము. ఏమైనా తిన్నావా అని అడగలేదు. మార్టూరు దాటాక అతనికి కళ్ళు తిరిగాయి. మిర్చి కళ్ళంలో పనిచేస్తున్న తల్లులు అతనిని నీడకు చేర్చి, ఉప్పు వేసిన మజ్జిగ, బెల్లం ముక్క ఇచ్చారు. వారి మేలునూ, మా తప్పునూ మరువలేము.

పూర్వం యెమన్ వాసులు కొందరు దైవాన్ని నమ్ముకున్నామంటూ ఏ సామగ్రీ లేకుండా హజ్‌కు వచ్చి, మక్కాలో యాచించేవారని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపారు. ప్రయాణ సామగ్రి వెంట ఉంచుకోవాలనీ, అన్నిటికన్నా మేలైన సామగ్రి దైవభీతి అనీ తెలిపే ఆయత్ (అల్ బఖర: 197) ఆ సందర్భంలోనే అవతరించింది. ఏళ్ళ తరబడి దానిని బోధించిన మేమే ఆ ఉదయం దానిని విస్మరించాము.

రాత్రి నిద్రలోనే కాలేయంలోని చక్కెర నిలువ చాలామటుకు తరిగిపోతుంది. కండరాలలోనిది గట్టిగా తొక్కితే దాదాపు రెండు గంటలకు అడుగంటుతుంది. కనుక బయలుదేరే ముందు ఇడ్లీయో, రాగి జావయో తీసుకోవాలి. దారిలో ఆకలి వేసేదాకా ఆగక, అరగంటకొకసారి కొద్దికొద్దిగా తినాలి. గంటకు 30 నుండి 60 గ్రాముల పిండి, చక్కెర పదార్థం అవసరం. ఒక అరటిపండు, రెండు మూడు ఖర్జూరాలతో దాదాపు 40 గ్రాములు సమకూరుతుంది. మన ఎండలలో చెమటతోపాటు ఉప్పూ పోతుంది. ఉప్పు లేకుండా వట్టి నీళ్ళే అతిగా త్రాగడమూ ప్రమాదమే. లీటరు నీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి ఉంచుకోవచ్చు. బిర్యానీ, మిరపకాయ బజ్జీలు గమ్యం చేరాకనే మేలు.

రమజానులో దూర ప్రయాణం తప్పనిసరైతే, బాటసారికి ఉపవాసం తరువాత పూర్తిచేసుకునే సడలింపు ఉంది. దానిని వినియోగించుకోవడం బలహీనత కాదు, అనుగ్రహాన్ని స్వీకరించడం.

ఇప్పుడు మా గది గుమ్మం వద్ద ఒక చిన్న సంచి వేలాడుతోంది. అందులో ఖర్జూరాలు, బెల్లం, ఉప్పు పొట్లం ఉంటాయి. దూరం వెళ్ళే పిల్లవానికి ముందు దానిని అందించి, ఆ తరువాతనే దుఆ చేసి పంపుతున్నాము.