యాగం కాదు, విరుగుడు మందు కావాలి

కాలువలకు నీళ్ళు వదిలారంటే దివిసీమలో ఊడ్పులు మొదలవుతాయి. వాటి వెనకే పాముకాట్లూ మొదలవుతాయి. చేలోకి నీరెక్కగానే ఎలుక బొరియల్లో ఉన్న పాము గట్టెక్కుతుంది. తెల్లవారుజామున చీకట్లో మన ఆడవాళ్ళు నారుమడికి నడిచేది ఆ గట్టు మీదనే. కాళ్ళకు చెప్పులుండవు, చేతిలో దీపముండదు. పాముకు కూలీ, ఆసామీ తేడా తెలియదు, నిజమే. కాని గట్టు మీద నడిచేదెవరు? నారుకట్టలో చెయ్యి పెట్టేదెవరు? నేల మీద చాప పరుచుకుని పడుకునేదెవరు? అందుకే మేము చెబుతున్నాం: పాముకాటు ఖర్మ కాదు, పనిలో తగిలే దెబ్బ.

2018 వానాకాలంలో దివిసీమలో పాముకాట్లు విపరీతంగా పెరిగాయి. అవనిగడ్డ ఆసుపత్రికి జనం వరసగా వచ్చిపడ్డారు. ఆ ఆగస్టులో దేవాదాయ శాఖ మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో సర్పశాంతి యాగం చేయించింది. పుట్టలో పాలు పోసి మొక్కుకునే తల్లులను మేము ఎన్నడూ ఎగతాళి చెయ్యలేదు, చెయ్యము. మొక్కు వారి ఇష్టం. కాని మొక్కుకోవడం మనిషి పని, మందు పంపడం సర్కారు పని. సర్కారే మొక్కుకుంటూ కూర్చుంటే మందు పంపేదెవరు?

మాకు తెలిసిన ఒక ఇంటి సంగతి చెబుతాం. గుడివాడ అవతల ఒక ఊళ్ళో ఒక తల్లి రాత్రి పూరింట్లో నేల మీద పడుకుంది. తెల్లవారేసరికి కడుపులో నొప్పి అంది. కళ్ళు తెరవలేకపోయింది, మాట ముద్దగా వచ్చింది. కట్లపాము కాటు లక్షణాలివే. కోర మచ్చ కనిపించదు, నొప్పి తెలియదు. ముందు చూపించిన చోట గ్యాసు అని మాత్రలిచ్చి పంపారు. రెండో చోటికి చేరేసరికి ఊపిరి ఆగింది. కాగితం మీద 'గుండె ఆగి మరణం' అని రాశారు. గుండె ఆగకుండా చచ్చేవాడు ఎవడైనా ఉన్నాడా? పోస్టుమార్టం లేదు, కేసు లేదు. ఆ తల్లి చావు ఏ లెక్కలోకీ ఎక్కలేదు.

ఇలాంటివి ఎన్ని? కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య లెక్కల ప్రకారం 2016-20 మధ్య దేశంలో ఏటా సుమారు 3 లక్షల పాముకాట్లు, 2 వేల మరణాలు. కాని ఇంటింటికీ వెళ్ళి చావుకు కారణం అడిగి రాసిన సర్వే మీద ఆధారపడి, 2020లో అచ్చయిన పరిశోధన వేరే మాట చెప్పింది. 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో పోయినవారు 12 లక్షల మంది. అంటే ఏటా 58 వేలు! ఎక్కువ మంది చనిపోతున్న రాష్ట్రాల్లో మన తెలుగు ప్రాంతం ఒకటి. 2 వేలకూ 58 వేలకూ మధ్య ఉన్నవి అంకెలు కావు, ఊళ్ళలో కాలిపోయిన శవాలు.

ఆశా కార్యకర్త ప్రతి గర్భిణి పేరూ పుస్తకంలో రాస్తుంది. ప్రతి కాన్పుకూ, ప్రతి టీకాకూ లెక్క ఉంటుంది. లెక్క ఉంది కాబట్టే అడిగేవాడున్నాడు. అడిగేవాడున్నాడు కాబట్టే ఆసుపత్రి కాన్పులు పెరిగాయి. పాముకాటుకు అలాంటి లెక్క లేదు, కాబట్టి జవాబుదారీ లేదు.

ఈ గోడు మన ఒక్కరిదే కాదు. బ్రెజిల్ దేశంలో కాఫీ తోటల సీమలోనూ కష్టజీవులు పాముకాటుకు రాలిపోయేవారు. వీటల్ బ్రజీల్ అనే డాక్టరు ఆ చావులు కళ్ళారా చూశాడు. 1901లో సావోపౌలోలో ఏర్పడిన బుటాంటాన్ సంస్థలో విరుగుడు మందు తయారుచేయించాడు. పల్లెవాళ్ళు పామును పట్టి పంపితే, బదులుగా మందు పంపేవారు. మందుతోపాటు ఒక అచ్చు కాగితం కూడా పంపి, కాటు వివరాలు రాసి తిప్పి పంపమనేవారు. మందూ లెక్కా అక్కడ కవల పిల్లలుగా పుట్టాయి. మందు కరువు వచ్చి గొడవలయ్యాక 1986లో ప్రభుత్వమే మందంతా కొని ఉచితంగా పంచసాగింది, ప్రతి కాటూ నమోదు కావాలన్నది. 1988 రాజ్యాంగం వైద్యాన్ని పౌరుని హక్కు చేసింది. 1994 నుంచి ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తల దళాలు దేశమంతటా పెరిగాయి. నేడు అక్కడ ఏటా 30 వేలకు అటూ ఇటూ కాట్లు నమోదవుతుంటే, చనిపోయేవారు వందా నూటయాభై మంది. అక్కడా అంతా బాగుందని మేము అనం. అమెజాన్ నది ఒడ్డు పల్లెల్లో ఆసుపత్రికి పడవ మీద చేరేలోపే పోయేవారున్నారు. ఏళ్ళ తరబడి పంటు మీద కృష్ణ పాయ దాటిన ఎదురుమొండి దీవి జనానికి ఆ బాధ ఒకరు చెప్పనక్కర్లేదు.

మన దేశానికి మందు తయారుచేయడం చేతకాక కాదు. తమిళనాడులో ఇరుల గిరిజనులు 1978లో పెట్టుకున్న సహకార సంఘం తీసే విషంతోనే చాలా భాగం విరుగుడు మందు తయారవుతున్నది. పాముకాటు చావులను 2030 నాటికి సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024 మార్చిలో ప్రణాళిక ప్రకటించింది. ప్రతి కాటూ తప్పనిసరిగా నమోదు చేయాలని ఆ నవంబరులో రాష్ట్రాలను కోరింది. కర్ణాటక అంతకుముందే, ఆ ఫిబ్రవరిలోనే ఆ పని చేసింది. ఇది మన మండలంలో ఎంతవరకు అమలవుతున్నదో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మెట్ల మీద నిలబడి మనమే అడగాలి.

మేము అడిగేవి నాలుగు. ఒకటి: మొదటి విడతకు కావలసిన పది సీసాల మందు ప్రతి కేంద్రంలో రాత్రిపూట కూడా ఉండాలి. ఇచ్చే డాక్టరూ ఉండాలి. మందు పెట్టెలో పెట్టుకుని 'బందరు తీసుకుపొండి' అంటే కుదరదు. బందరులో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఏటా ఊడ్పులకు ముందే పల్లె డాక్టర్లకు, నర్సులకు, ఆశాలకు అక్కడ తర్ఫీదు ఇవ్వాలి. రెండు: ఇంటి దగ్గర పోయినవారితో సహా ప్రతి కాటూ ఆశా పుస్తకంలోకి ఎక్కాలి, ఆ అదనపు పనికి ఆమెకు అదనపు డబ్బు ఇవ్వాలి. మూడు: ఊడ్పుల ముఠాలకు టార్చిలైట్లు, బూట్లు ఇవ్వాలి. నాలుగు: మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్ ప్రభుత్వాలు పాముకాటు మరణానికి 4 లక్షల పరిహారం ఇస్తున్నాయి. మన కూలీ కుటుంబానికి అంతకు తగ్గకుండా, ఆఫీసుల చుట్టూ తిప్పకుండా అందాలి.

మనం చేయవలసిందీ ఉన్నది. కాటు పడితే తాడు కట్టవద్దు, కోయవద్దు, పసరు పొయ్యవద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి, మంత్రగాడి ఇంటికి కాక ఆసుపత్రికి మోయండి. దోమతెర కట్టుకుని, దాని అంచులు చాప కిందికి దోపి పడుకోండి. ప్రతి ఊళ్ళో సంఘం ఒక నోటుపుస్తకం పెట్టాలి. ఎవరికి, ఏ రోజు, ఏ చేలో, ఎంతసేపటికి మందు పడిందో రాయాలి. సర్కారు రాసేదాకా మనమే రాద్దాం. రాసిన పుస్తకం పట్టుకుని బందరు కలెక్టరాఫీసుకు వెళ్దాం. లెక్క మన చేతిలో ఉన్ననాడు లేదనే ధైర్యం ఎవరికీ ఉండదు.